వంద ఎంబీపీఎస్ చాలదా?

ఇంటర్నెట్ గురించి పాఠకులు పంపిన ఉత్తరాలలో ఈసారి ఒకే మాట పదే పదే కనిపించింది: "నెట్ స్లోగా ఉంది, పెద్ద ప్లాన్‌కు మారమంటారా?" పెద్ద ప్లాన్ అమ్మేవారు ఈ ప్రశ్నకు ఏం చెబుతారో అందరికీ తెలిసిందే కనుక దాన్ని పక్కన పెట్టి, ఏ ఇంట్లో వేగం నిజంగానే చాలడం లేదో, ఏ ఇంట్లో చాలినంత వేగం గడప దాకా వచ్చి లోపల దారి తప్పుతోందో ఉత్తరాల వారీగా చూద్దాం.

ప్రశ్న: "మా ఇంట్లో ఐదుగురం ఉంటాం. అల్లుడుగారు వారానికి మూడు రోజులు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తారు. మనవరాలికి సాయంత్రం ఆన్‌లైన్ ట్యూషన్ ఉంటుంది. అదే సమయానికి మా ఆవిడ టీవీలో యూట్యూబ్ పెడుతుంది. ఇప్పుడున్నది 100 ఎంబీపీఎస్ కనెక్షన్. కంపెనీ నుంచి ఫోన్ చేసిన అమ్మాయి, ఐదుగురున్న ఇంటికి ఈ రోజుల్లో 300 లేకపోతే కష్టం సార్ అంటోంది. నిజమేనా?"
— విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: మాస్టారూ, మీరు లెక్కలు చెప్పినవారో కాదో తెలియదు గాని, ఈ ప్రశ్నకు జవాబు కూడికలోనే ఉంది. నెట్‌ఫ్లిక్స్ తన వాడకందారులకు సూచించే వేగం, ఫుల్ హెచ్‌డీ బొమ్మకు 5 ఎంబీపీఎస్ (అంటే సెకనుకు 5 మెగాబిట్లు), అంతకన్నా స్పష్టంగా ఉండే 4కె బొమ్మకు 15 ఎంబీపీఎస్. యూట్యూబ్ 4కె వీడియోకు 20 అడుగుతుంది. నలుగురైదుగురు కనిపించే వీడియో సమావేశానికి మంచి నాణ్యతలో సుమారు 4 ఎంబీపీఎస్ ఖర్చవుతుంది. ఇప్పుడు మీ ఇంట్లో సాయంత్రం ఏడు గంటల వేళను ఊహించండి. మీ ఆవిడగారి టీవీ 4కెలోనే ఆడుతోందనుకొని 20, అల్లుడుగారి మీటింగుకు 4, మనవరాలి ట్యూషన్‌కు 4, మిగిలిన ఇద్దరూ చెరొక ఫోన్‌లో వీడియోలు చూస్తుంటే మరో 10. అంతా కలిపితే 38. ఎవరికీ తెలియకుండా వెనుక జరిగే అప్‌డేట్ల కోసం ఇంకొంత వేసుకున్నా 50 దాటడం కష్టం. అంటే మీ 100లో సగం దాదాపు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.

ఇక్కడ చాలామందిని గందరగోళపరిచే విషయం ఒకటుంది. కనెక్షన్ వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు, ఫైలు పరిమాణాన్ని మెగాబైట్లలో చూపిస్తారు. ఒక బైటులో ఎనిమిది బిట్లు ఉంటాయి కనుక 100 ఎంబీపీఎస్ లైనులో డౌన్‌లోడ్ పెడితే తెరమీద సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లకు మించి కనిపించదు. దాన్ని చూసి "వంద అని చెప్పి పన్నెండే ఇస్తున్నారు" అని కేబుల్ ఆయనతో గొడవ పడినవారు నాకు తెలుసు. ఆ గొడవలో న్యాయం కేబుల్ ఆయన వైపే ఉంది.

మరి 300 ఎవరికి? కంప్యూటర్‌లో పెద్ద ఆటలు ఆడే పిల్లలున్న ఇంటికి, వీడియో ఎడిటింగ్ పని చేసేవారికి అది ఉపయోగపడుతుంది. 60 జీబీ ఉండే ఆటను దింపుకోవడానికి 100 ఎంబీపీఎస్ మీద గంటా ఇరవై నిమిషాలు పడితే, 300 మీద అరగంట లోపే అయిపోతుంది. అయితే అది ఎదురుచూపును తగ్గించే వేగమే తప్ప బొమ్మను మెరుగుపరిచేది కాదు. 5 ఎంబీపీఎస్ చాలే వీడియోకు 300 ఉన్న లైను ఇచ్చినా అది తనకు కావలసినంతే తీసుకుంటుంది. బిందె నిండాక కొళాయి ఎంత పెద్దదైతే మాత్రం ఏమిటి?

ప్రభుత్వాల లెక్క కూడా కాలంతో మారుతూ వచ్చింది. మన దేశంలో 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకారం 256 కేబీపీఎస్ (ఒక ఎంబీపీఎస్‌లో దాదాపు పావు వంతు) ఉంటే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనేవారు. 2013లో అది 512 కేబీపీఎస్ అయింది, 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్ అయింది. ఇంటికి లాగే లైన్లను 50లోపు ఉంటే సాధారణం, 50 నుంచి 300 దాకా ఉంటే వేగవంతం, ఆపైన అతివేగం అని మూడుగా విభజించాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2021లోనే సిఫార్సు చేసింది. అమెరికాలో 2015 నుంచి 25 ఎంబీపీఎస్‌గా ఉన్న కనీస కొలమానాన్ని 2024 మార్చిలో డౌన్‌లోడ్‌కు 100, అప్‌లోడ్‌కు 20 ఎంబీపీఎస్‌గా పెంచారు. కాగితం మీద మన కనీసం వాళ్ల కనీసంలో యాభయ్యో వంతే అయినా, హనుమకొండలో ఉన్న మీ లైను డౌన్‌లోడ్ మేరకు వాళ్ల కొత్త కొలమానానికి సరిగ్గా సరితూగుతోంది. మీరు ప్లాన్ మార్చనక్కర్లేదు. ఆ అమ్మాయి మళ్లీ ఫోన్ చేస్తే, అప్‌లోడ్ వేగం కూడా వందేనా అని మాత్రం అడిగి తెలుసుకోండి. అదెందుకో కింద విశాఖపట్నం పాఠకుడికి రాసిన జవాబులో చెప్పాను.

ప్రశ్న: "200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నాం. హాల్లో ఫోన్‌తో కొలిస్తే ఒక్కోసారి 90 వస్తుంది, ఒక్కోసారి 40. వెనుక పడకగదిలో పదికి మించదు. ఫిర్యాదు చేస్తే వచ్చిన అబ్బాయి తన ల్యాప్‌టాప్ పెట్టి చూసి, లైను బాగానే ఉంది మేడమ్, మీ ఇల్లే అలా ఉంది అని వెళ్లిపోయాడు. ఇల్లు అలా ఉండటమేమిటి?"
— గృహిణి, గుంటూరు

జవాబు: ఆ అబ్బాయి చెప్పిన తీరు బాగాలేదు కాని చెప్పిన విషయం తప్పు కాదు. ఇంటి దాకా వేగాన్ని తెచ్చేది గాజు తీగ, అంటే ఫైబర్. అక్కడి నుంచి మీ ఫోన్ దాకా తెచ్చేది గాలిలోని రేడియో తరంగం. కంపెనీ 200 అని మాట ఇచ్చింది ఆ గాజు తీగ చివరన, అంతే. ఆ తర్వాత అది మన గోడలను దాటుకుంటూ రావాలి. మన ఇళ్లు తొమ్మిది అంగుళాల ఇటుక గోడలతో, ఇనుప చువ్వల స్లాబుతో కట్టినవి. చెక్క గోడల ఇళ్లలో వైఫై నడిచినట్టు వీటిలో నడవదు.

ఇందులో నా సొంత అనుభవం ఒకటుంది. కనెక్షన్ పెట్టడానికి వచ్చినతను తీగ ఎక్కడ తేలికగా లోపలికి వస్తుందో చూసుకొని, వీధి గుమ్మం పైన ఉన్న సజ్జ మీద, పాత ఇత్తడి గుండిగల పక్కన రౌటర్ పెట్టి వెళ్లాడు. అలంకారానికి అడ్డు రాలేదని ఇంట్లో అందరం సంతోషించాం. ఏడాదిన్నరపాటు వంటింట్లో ఫోన్ పెట్టుకొని వంటల వీడియో చూడబోతే తెరమీద చక్రం తిరుగుతూనే ఉండేది. ఒక ఆదివారం ఓపిక తెచ్చుకొని గదికో చోట కొలిచి కాగితం మీద రాశాను: హాలులో 92, దేవుడి గది ముందు 35, వంటింట్లో 11. ఆ తర్వాత పదిహేను మీటర్ల తీగ కొనుక్కొచ్చి, రౌటర్‌ను సజ్జ మీది నుంచి దించి, భోజనాల బల్ల పక్కన గోడకు ఛాతీ ఎత్తున తగిలించాను. వంటింట్లో 70 వచ్చింది. ప్లాన్ అదే, బిల్లూ అదే. ఇత్తడి గుండిగలు మాత్రం ఇంకా సజ్జ మీదే ఉన్నాయి.

మీ ఇంట్లో మొదట చూడవలసింది రౌటర్ ఎక్కడుందన్నది. టీవీ వెనుక, బీరువా పక్కన, ఇనుప గూట్లో, చేపల తొట్టి దగ్గర ఉంటే అక్కడి నుంచి తీయండి. లోహమూ నీరూ రెండూ తరంగాన్ని అడ్డుకునేవే. రెండోది, రౌటర్ రెండు రకాల తరంగాలను పంపుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం గోడలను కొంచెం బాగా దాటుతుంది కాని నెమ్మది, పైగా అపార్టుమెంటులో ఇరుగుపొరుగు రౌటర్లన్నీ ఆ దారినే వాడతాయి. ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు అందులో ఒకటి, ఆరు, పదకొండు అనే మూడే ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, చేరే దూరం తక్కువ. మీ ఫోన్ హాల్లో ఒకసారి 90, ఒకసారి 40 చూపడానికి ఒక కారణం, అది ఈ రెండింటి మధ్య తనకు తోచినట్టు మారుతూ ఉండటం కావచ్చు. రెండింటికీ వేరువేరు పేర్లు పెట్టి, హాల్లో ఉన్నవాటిని 5 మీదే ఉంచి చూడండి.

మూడోది, ఎంత వెతికినా తట్టని చిన్న విషయం. కొన్ని ఇళ్లలో గాజు తీగ వచ్చి చేరే తెల్ల పెట్టె ఒకటి, వైఫై ఇచ్చే రౌటర్ మరొకటి ఉంటాయి. ఆ రెండింటినీ కలిపే తీగగాని, వాటి సాకెట్లలో ఏదైనా ఒకటిగాని పాత రకానిదైతే 200 కొన్నా, 500 కొన్నా రౌటర్‌కు 94 లేదా 95కు మించి అందదు. అలాంటి సాకెట్ పేరే వంద మెగాబిట్ సాకెట్. తీగలోని ఎనిమిది పోగుల్లో నాలుగే సరిగ్గా తగిలినా ఇదే జరుగుతుంది. హాల్లో మీకు ఎంత బాగా వచ్చినా 90 దగ్గరే ఆగిపోవడం చూస్తే నాకు దీని మీదే అనుమానం. ల్యాప్‌టాప్‌ను తెల్ల పెట్టెకు నేరుగా తీగతో తగిలించి ఒకసారి, రౌటర్‌కు తగిలించి మరోసారి కొలిస్తే దొంగ దొరుకుతాడు. వెనుక పడకగదికి మాత్రం తీగ లాగి రెండో వైఫై పెట్టె పెట్టడమే శాశ్వత పరిష్కారం. తీగ లేకుండా సిగ్నల్‌ను అందుకొని మళ్లీ పంపే చవక ఎక్స్‌టెండర్లు సాధారణంగా ఉన్న వేగాన్ని సగం చేసి ఇస్తాయి.

ప్రశ్న: "స్పీడ్ టెస్ట్‌లో 150 వస్తుంది. అయినా ఆఫీసు కాల్‌లో నా గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందట. ముఖ్యంగా రాత్రి తొమ్మిది తర్వాత. మేనేజర్ దగ్గర రోజూ మాట పడుతున్నాను."
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: మీకు ఎదుటివారి మాట బాగా వినిపిస్తూ, మీ మాట వారికి తెగిపోతోందంటే డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్ ఇబ్బంది పెడుతోందని అర్థం. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసేది డౌన్‌లోడ్ అంకె. గాజు తీగ కనెక్షన్లలో చాలావాటికి రెండు వైపులా ఒకే వేగం ఇస్తున్నారు కాని, 5జీ టవర్ నుంచి గాలి ద్వారా ఇచ్చే కనెక్షన్లలో అప్‌లోడ్ బాగా తక్కువగా ఉంటుంది. 2023లో ఇలాంటివి మన దేశంలో మొదలయ్యాక, తీగ లాగే పని లేదు కదా అని చాలామంది తీసుకున్నారు. సినిమాలు చూడటానికి అవి నిక్షేపంలా ఉంటాయి. రోజంతా కాల్స్‌లో ఉండేవారు మాత్రం తీసుకునే ముందే అప్‌లోడ్ కొలిచి చూసుకోవాలి.

మీది గాజు తీగే అయితే, రాత్రి తొమ్మిది తర్వాత మీ ఇంట్లో ఏం జరుగుతుందో గమనించండి. ఫోన్లు ఛార్జింగ్‌కు పెట్టగానే ఆరోజు తీసిన ఫొటోలను, వీడియోలను దూరాన ఉన్న నిల్వకు పంపడం మొదలుపెడతాయి. గుమ్మం ముందు సీసీ కెమెరాలు ఉంటే అవి పగలూ రాత్రీ ఒక్కోటి ఒకటి రెండు ఎంబీపీఎస్ చొప్పున బయటికి పంపుతూనే ఉంటాయి. ఈ పంపకాలతో అప్‌లోడ్ దారి నిండగానే రౌటర్ మిగిలిన సమాచారాన్ని పారేయకుండా వరుసలో నిలబెడుతుంది. ఆ వరుస పెరిగేకొద్దీ మీ గొంతు అందులో చిక్కుకుంటుంది. టోల్‌గేటు దగ్గర బారులు తీరిన ఇసుక లారీల వెనుక మీ స్కూటరు ఆగిపోయినట్టన్నమాట. స్కూటరుకు కావలసింది జానెడు చోటే, అయినా లారీలు కదిలేదాకా దానికి దారి లేదు. స్పీడ్ టెస్ట్ మాత్రం గేటు గంటకు ఎన్ని లారీలను పంపగలదో చెబుతుందే గాని స్కూటరు ఎంతసేపు ఆగిందో ప్రముఖంగా చెప్పదు.

ఆ సంగతి తెలియాలంటే టెస్టులో 'పింగ్' అని మిల్లీసెకన్లలో కనిపించే అంకెను చూడాలి. ఇప్పటి టెస్టులు కొన్ని, లైను ఖాళీగా ఉన్నప్పుడు ఎంత, నిండుగా ఉన్నప్పుడు ఎంత అని దాన్ని విడిగా చూపిస్తున్నాయి. ఖాళీగా ఉన్నప్పుడు 10 ఉన్నది నిండినప్పుడు 300కు పోతుంటే మీ జబ్బు అదే. ఫొటోల బ్యాకప్‌ను తెల్లవారుజాముకు మార్చండి. కెమెరాల బొమ్మ నాణ్యతను ఒక మెట్టు దించండి. రౌటర్ సెట్టింగుల్లో క్యూఓఎస్ అనే పేరుతో ప్రాధాన్యమిచ్చే ఏర్పాటు ఉంటే ఆఫీసు ల్యాప్‌టాప్‌ను పైన పెట్టండి. అన్నిటికంటే తేలికైనది, ల్యాప్‌టాప్‌ను వైఫై మీద కాక తీగతో రౌటర్‌కు కలపడం. ఇవేవీ చేయకుండా 150ని 500 చేసుకుంటే మేనేజర్‌తో మాట పడటం తప్పదు, బిల్లు మాత్రం పెరుగుతుంది.

ప్రశ్న: "మాది భీమవరం దగ్గర పల్లెటూరు. చెరువుల దగ్గర కెమెరాల కోసమని నెట్ పెట్టించాం. మధ్యాహ్నం 30 వస్తుంది. రాత్రి ఏడు నుంచి పది దాకా 3, 4 మధ్య కొట్టుకుంటుంది. పిల్లవాడి ఇంజినీరింగ్ పాఠాలు అప్పుడే. కేబుల్ అతన్ని అడిగితే ఊరంతా అప్పుడే చూస్తారు కదండీ అంటాడు. ఇది మా తలరాతేనా?"
— రొయ్యల రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఇప్పటిదాకా రాసిన ముగ్గురికీ ప్లాన్ మార్చవద్దనే చెప్పాను. మీ విషయంలో అలా చెప్పను. మీకు వేగం నిజంగానే చాలడం లేదు, ఇందులో మీ గోడల తప్పూ మీ రౌటర్ తప్పూ లేదు.

మీ కేబుల్ అతను చెప్పిన మాటలో కొంత సత్యముంది. ఊళ్లలో గాజు తీగ ఇంటింటికీ విడిగా రాదు. ఆపరేటర్ దగ్గరి యంత్రం నుంచి ఒక తీగ బయలుదేరి, స్తంభం మీది చిన్న పెట్టెలో ముప్పై రెండుగానో అరవై నాలుగుగానో చీలుతుంది. ఎక్కువగా వాడకంలో ఉన్న జీపాన్ పద్ధతిలో ఆ తీగ మొత్తం మీద డౌన్‌లోడ్‌కు ఉండేది సుమారు 2.5 గిగాబిట్లు. అరవై నాలుగు ఇళ్లూ ఒకే క్షణంలో పూర్తిగా వాడినా తలా 39 ఎంబీపీఎస్ వస్తుంది. కాబట్టి ఊరంతా చూసినంత మాత్రాన మీకు 3కు పడిపోనక్కర్లేదు. పడిపోతోందంటే ఇరుకు ఊళ్లో కాదు, ఆపరేటర్ పట్టణం నుంచి ఊరికి తెచ్చుకున్న లైనులో ఉంది. అతను పై సంస్థ దగ్గర కొంత బ్యాండ్‌విడ్త్, అంటే ఊరు మొత్తానికి కలిపి ఇంత వేగమని, కొని ఊరికి పంచుతాడు. వంద ఇళ్లున్నప్పుడు కొన్న మేరకే నాలుగు వందల ఇళ్లు అయ్యాక కూడా సర్దుతుంటే మధ్యాహ్నం బాగుంటుంది, రాత్రి కొట్టుకుంటుంది. సరిగ్గా మీరు రాసిన లక్షణమే.

గోదావరి జిల్లాల ఊళ్లకు గాజు తీగ రావడం పెద్ద విశేషమే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఫైబర్‌నెట్ తీగను కరెంటు స్తంభాల మీదుగా లాగి 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రారంభించారు. ఫోను, టీవీ, నెట్టు మూడూ కలిపి నెలకు 149 రూపాయలకే మొదలవుతాయని, నెట్టు 15 ఎంబీపీఎస్ దాకా ఉంటుందని అప్పట్లో ప్రకటించారు. తెలంగాణలో మిషన్ భగీరథ మంచినీటి గొట్టాల వెంట తీగ వేసే దారి ఎంచుకున్నారు. అదే 2017 మార్చిలో హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థ ఇళ్లకు 1 గిగాబిట్ కనెక్షన్ మొదలుపెట్టింది. ఒకే ఏడాదిలో, ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాల్లో, పల్లెకు 15 అంటే గొప్ప, నగరానికి 1,000 అంటే గొప్ప. ఆ ఎడం ఇవాళ్టికీ మీ ఇంట్లో రాత్రి ఏడు గంటలకు తెలిసివస్తోంది. నాణ్యత ప్రమాణాల మాట వస్తే, 2 ఎంబీపీఎస్ దాటితే చాలు, కాగితం ప్రకారం మీది బ్రాడ్‌బ్యాండే. ఆ కొలమానం మారవలసిన అవసరం ఉందని నా అభిప్రాయం.

మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. వారం రోజులపాటు మధ్యాహ్నం రెండింటికి, రాత్రి ఎనిమిదింటికి తీగతో కలిపిన కంప్యూటర్ మీద కొలిచి, తెరను ఫొటో తీసి ఉంచండి. నలుగురైదుగురు పొరుగువారు కూడా తీస్తే ఆపరేటర్ ముందు మాట బరువుగా ఉంటుంది. ఊరికి రెండో ఆపరేటర్ లైను వచ్చి ఉంటే నెల ప్లాన్‌తో పరీక్షించి చూడండి. ఏడాదికి ఒకేసారి కట్టేస్తే తగ్గింపు ఇస్తామంటే మాత్రం ఆశపడవద్దు. 5జీ కనెక్షన్ తీసుకునేటట్లయితే ముందుగా అదే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్‌తో మీ మేడ మీద రాత్రి ఎనిమిదింటికే కొలవండి, పగలు కాదు. టవర్ కూడా ఊరందరిదీ కదా.

పిల్లవాడి పాఠాలకు తాత్కాలికంగా ఒక ఉపాయముంది. రికార్డు చేసిన పాఠాలైతే మధ్యాహ్నమే దింపి పెట్టుకోవచ్చు. ప్రత్యక్ష పాఠమైతే వీడియో నాణ్యతను 360కి దించినా బోర్డు మీది అక్షరాలు కనిపిస్తాయి, దానికి ఒక ఎంబీపీఎస్ చాలు. ఆ మూడు గంటలు చెరువు కెమెరాల వీడియో బయటికి పోకుండా అక్కడే పెట్టెలో నిల్వ అయ్యేలా మార్చండి. ఇంకొకటి, కరెంటు పోయినప్పుడు నెట్ కూడా పోతుంటే తెల్ల పెట్టెకూ రౌటర్‌కూ కలిపి చిన్న డీసీ యూపీఎస్ పెట్టుకోండి. అవి సాధారణంగా 12 వోల్టుల మీదే నడుస్తాయి కనుక అరచేతిలో పట్టే పెట్టె సరిపోతుంది.

ప్రశ్న: "మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. వీడియో కాల్‌లో నేను ఒక మాట అనగానే వాడూ ఏదో అంటాడు, ఇద్దరి మాటలూ కలిసిపోతాయి. వేగం పెంచితే తగ్గుతుందా బాబూ?"
— కరీంనగర్ నుంచి ఒక తల్లి

జవాబు: తగ్గదమ్మా. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. మీ ఊరి నుంచి డాలస్‌కు తిన్నగా గీత గీస్తేనే దాదాపు పద్నాలుగు వేల కిలోమీటర్లు. అంటే మీ మాట అక్కడికి చేరి బదులు రావడానికి ప్రయాణానికే సెకనులో ఏడో వంతు పడుతుంది. తీగలు తిన్నగా పోవు. ముంబై నుంచో చెన్నై నుంచో సముద్రంలో దిగి చుట్టూ తిరిగి వెళతాయి కనుక అది సెకనులో నాలుగో వంతుకు చేరుతుంది. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో జెడ్డా దగ్గర తీగలు తెగినప్పుడు మన దేశంలోనూ నెట్ నెమ్మదించింది, అప్పుడు సమాచారం ఇంకా దూరపు దారులు తొక్కవలసి వచ్చింది. మీ ఇంటి ప్లాన్‌కు దీనితో సంబంధం లేదు. ఒకరు మాట పూర్తిచేశాక లోలోపల ఒకటి అనుకొని రెండోవారు మొదలుపెడితే మాటలు కలవవు. బొమ్మ కూడా గళ్లు గళ్లుగా వస్తుంటే మాత్రం రౌటర్ ఉన్న గదిలో కూర్చొని మాట్లాడండి.

ప్రశ్న: "అన్‌లిమిటెడ్ అని ఇచ్చిన ప్లాన్‌లో నెలాఖరుకు వేగం తగ్గించారు. ఇది మోసం కాదా?"
— విద్యార్థి, తిరుపతి

జవాబు: ప్లాన్ వివరాల్లో చిన్న అక్షరాలు చదవండి. ఇలాంటి ప్లాన్లలో చాలావాటికి నెలకు 3,300 జీబీ పరిమితి ఉంటుంది, అది దాటాక వేగం తగ్గిస్తారు. రోజుకు 110 జీబీ అన్నమాట. 4కె వీడియో గంటకు సుమారు 7 జీబీ తింటుంది కాబట్టి, ఒక కుటుంబం ఆ పరిమితికి చేరాలంటే నెలంతా రోజుకు పదిహేను గంటలకు పైగా 4కె ఆడించాలి. మీ గదిలో ఒకే కనెక్షన్‌ను ఎనిమిదిమంది పంచుకుంటున్నారేమో చూసుకోండి. లేదా పాస్‌వర్డ్ పక్క గదికీ తెలిసి ఉండవచ్చు. పరిమితి ఉందని ముందే స్పష్టంగా చెప్పి ఉంటే మోసం అనలేం, కాని దానికి 'అన్‌లిమిటెడ్' అని పేరు పెట్టడం నాకూ నచ్చదు.

ప్రశ్న: "మా వీధిలో స్తంభాల మీది తీగలు కత్తిరించడంతో ఐదు రోజులు నెట్ లేదు. ఫోన్ చేస్తే 24 గంటల్లో వస్తుంది అని ఐదు రోజులూ అదే చెప్పారు. బిల్లు మాత్రం పూర్తిగా వేశారు. ఎవరిని అడగాలి?"
— ప్రైవేటు ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయిన తర్వాత, విద్యుత్ సిబ్బంది నగరంలో స్తంభాలకు వేలాడే తీగలను పెద్దఎత్తున తొలగించారు. ఆ వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. ప్రాణాల ముందు నెట్ ఏపాటిది అనే మాట నిజమే. కాని కరెంటు స్తంభం మీద ఎవరి తీగ ఏదో తెలియకుండా ఏళ్ల తరబడి చుట్టలు చుట్టలుగా వదిలేసినందుకు శిక్ష పడింది నెలనెలా బిల్లు కడుతున్నవారికి. 100 వస్తుందా 300 వస్తుందా అని మనం లెక్కలు వేసుకునే లైను నిచ్చెన వేసుకొని కత్తెరతో తెంపగలిగేంత ఎత్తులో వేలాడుతోందన్నది, వేగం గురించి మాట్లాడే ప్రకటనల్లో ఎక్కడా కనిపించదు.

మీ బిల్లు సంగతికి వద్దాం. ట్రాయ్ 2024లో తెచ్చిన సేవా నాణ్యత నియమాలు ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. ఇంటి లైను చెడిపోయి మూడు రోజులలో బాగుపడకపోతే వినియోగదారుకు అద్దెలో తగ్గింపుగాని గడువు పొడిగింపుగాని ఇవ్వాలన్నది వాటి ఉద్దేశం. అయితే అది మీరు ఫిర్యాదు నమోదు చేసిన క్షణం నుంచి లెక్కకు వస్తుంది. "ఫోన్ చేశాను" అంటే సరిపోదు, ఫిర్యాదు సంఖ్య ఉండాలి. అది మెసేజ్‌లో వస్తుంది, వెతికి తీయండి. దానితో కంపెనీకి మెయిల్ రాసి, ఎన్ని రోజులు లైను లేదో తేదీలతో చెప్పి, తగ్గింపు అడగండి. జవాబు తృప్తిగా లేకపోతే ప్రతి కంపెనీలోనూ ఉండవలసిన అప్పీలు అధికారికి రాయండి, దానికి రుసుము లేదు. ఆ తర్వాత 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం వివాదాలను వినియోగదారుల కమిషన్లు విచారించవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టంగా చెప్పింది కనుక, "ఇది మీ పరిధిలోకి రాదు" అని కంపెనీ వాదిస్తే మీరు బెదరనక్కర్లేదు.

లైను తిరిగి వచ్చాక ఒక పని చేయండి. తెగిన తీగను హడావిడిగా అతికించినచోట వెలుగు కొంత కారిపోతుంటుంది. తెల్ల పెట్టెలోకి వచ్చే వెలుగు బలాన్ని మైనస్ అంకెలతో కొలుస్తారు. అది మైనస్ 27 కంటే దిగువకు జారితే లైను ఉన్నట్టే ఉండి, వాన పడ్డప్పుడో రాత్రుళ్లో పోతూ వస్తూ ఉంటుంది. పెట్టె మీద ఎల్‌ఓఎస్ అన్న చోట ఎర్ర లైటు మిణుకుమిణుకుమనడం దానికి గుర్తు. వచ్చిన లైన్‌మన్ దగ్గర ఆ బలాన్ని కొలిచే చిన్న మీటరు ఉంటుంది. సంతకం పెట్టే ముందు అంకె చూపించమని అడిగి, ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి.